కంటి స్థితి, కంటి క్రియ: వక్రీభవన, సర్దుబాటు దోషాల వైద్య వర్గీకరణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
హ్రస్వదృష్టి, దీర్ఘదృష్టి, ఆస్టిగ్మాటిజం, చత్వారం అనే దృష్టిదోషాలను నేటి వైద్యశాస్త్రం విడివిడిగా గుర్తిస్తోంది. 19వ శతాబ్ది మధ్యకాలం వరకు ఈ విభజన స్పష్టంగా లేదు. కంటి వక్రీభవన స్థితిని, కటకం చేసే సర్దుబాటు క్రియను వేరుచేసిన డచ్చి వైద్యుడు డాండర్స్ కృషితో వర్గీకరణ స్వరూపం మారింది. ఎవరిని రోగిగా గుర్తించాలి, ఎవరికి అద్దాలు ఇవ్వాలి, ఎవరిని అంధుల లెక్కలో చేర్చాలి అనే ప్రశ్నలకు వర్గీకరణే సమాధానాలను నిర్ణయించిన తీరును ఈ వ్యాసం వివేచిస్తుంది.

కీలక పదాలు: వక్రీభవన దోషాలు, సర్దుబాటు, చత్వారం, దీర్ఘదృష్టి, డాండర్స్, అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ.

1. ఉపోద్ఘాతం:

నలభై ఏళ్ళు పైబడినవారికి దగ్గరి అక్షరాలు అలుక్కుపోయినట్లు కనిపించడాన్ని తెలుగువారు ‘చత్వారం’ అంటారు. నలభైని సూచించే ‘చత్వారింశత్’ అనే సంస్కృతపదంతో ఈ మాటకు సంబంధం ఉంది. ఇదే దోషానికి పాశ్చాత్య వైద్యంలో ఉన్న ‘ప్రెస్బయోపియా’ అనే పేరు, ముసలివాడు అనే అర్థమున్న గ్రీకుపదం నుంచి ఏర్పడింది. రెండు భాషలూ ఈ దోషాన్ని కంటి నిర్మాణాన్ని బట్టి కాక మనిషి వయస్సును బట్టి గుర్తించాయి. ‘మయోపియా’ అనే పేరు పుట్టుక మరొక విధమైనది. దూరపు వస్తువును చూడటానికి రెప్పలు చికిలించే అలవాటును బట్టి గ్రీకులు ఆ పేరు పెట్టారు. ఒక పేరుకు వయస్సు, మరొక పేరుకు ముఖకవళిక ఆధారమయ్యాయి. కంటి లోపల ఏమి జరుగుతోందో ఈ పేర్లు చెప్పవు.

తెలుగు పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన ‘హ్రస్వదృష్టి’, ‘దీర్ఘదృష్టి’ అనే పదాలు చూపు అందే దూరాన్ని బట్టి ఏర్పడినవి. ‘దూరదృష్టి’ అనే పదం ముందుచూపు అనే అర్థంలో అప్పటికే వాడుకలో ఉండటం వల్ల కాబోలు, ‘దీర్ఘదృష్టి’ నిలిచింది. అయితే ఈ మాట కొంత పొరపాటుకు తావిస్తుంది. దీర్ఘదృష్టి ఉన్నవారికి దూరపు వస్తువులు ఇతరుల కంటే బాగా కనిపిస్తాయని విద్యార్థులు భావించడం సహజం. నిజానికి వారు దూరాన్ని చూడటానికి కూడా శ్రమ పడతారు. ఆ శ్రమను గుర్తించడానికే వైద్యశాస్త్రానికి శతాబ్దాలు పట్టింది.

సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో 76 నేత్రరోగాల వర్గీకరణ ఉంది. అక్కడ వర్గీకరణకు ఆధారం రోగం ఏ భాగాన్ని ఆశ్రయించింది, ఏ దోషం ప్రకోపించింది అన్నవే. తిమిరం రెండవ పటలానికి చేరినప్పుడు దూరపు వస్తువులు దగ్గరగా, దగ్గరివి దూరంగా తోస్తాయని, ఎంత ప్రయత్నించినా సూదిబెజ్జం కనిపించదని అందులో ఉంది. ఈ వర్ణనను నేటి దీర్ఘదృష్టితోనో చత్వారంతోనో సమానం చేయడం కొందరికి అలవాటు. ఆ సమీకరణం నిలవదు. తిమిరం క్రమంగా ఒక్కొక్క పటలాన్ని దాటి చూపును పూర్తిగా కప్పివేసే రోగంగా అక్కడ చెప్పబడింది. సూదిబెజ్జం కనిపించకపోవడం ఆ క్రమంలోని ఒక దశ మాత్రమే. లక్షణం ఒకటే అయినంత మాత్రాన వర్గం ఒకటి కాదు.

2. అద్దం ముందు, వివరణ తర్వాత:

ఐరోపాలో కళ్ళజోడు 13వ శతాబ్ది చివర ఇటలీలో కనిపిస్తుంది. మొదట వచ్చినవి కుంభాకార కటకాలు, అంటే వృద్ధుల చదువు అద్దాలు. పుటాకార కటకాలు 15వ శతాబ్దిలో వాడుకలోకి వచ్చాయి. 1462లో మిలాన్ పాలకుడు ఫ్రాంచెస్కో స్ఫోర్జా ఫ్లోరెన్సు నుంచి మూడు డజన్ల కళ్ళజోళ్ళు తెప్పించమని రాసిన ఉత్తరంలో దూరపు చూపుకు, దగ్గరి చూపుకు వేరువేరుగా కోరడం గమనించదగినది. అంటే వైద్యుడికంటే ముందే అంగడివాడికి రెండు వర్గాలు తెలుసు. 1623లో స్పెయిన్‌లోని సెవిల్‌లో బెనితో దాజా దె వాల్దెస్ ప్రచురించిన గ్రంథం వయస్సును బట్టి ఎన్ని డిగ్రీల అద్దం కావాలో పట్టికలు ఇచ్చింది. ఆయన వైద్యుడు కాడు, మతన్యాయస్థానంలో లేఖకుడు.

కాంతికిరణాలు కంటిలోకి వెళ్ళి రెటీనా మీద ప్రతిబింబాన్ని ఏర్పరుస్తాయని 1604లో కెప్లర్ నిరూపించాడు. హ్రస్వదృష్టిలో కిరణాలు రెటీనాకు ముందే కలుసుకుంటాయనే వివరణ కూడా దీనితో సాధ్యమైంది. అయినా రెండు శతాబ్దాలకు పైగా వైద్యుల వర్గీకరణ మారలేదు. పుటాకార అద్దం కావలసినవారు హ్రస్వదృష్టి గలవారు, కుంభాకార అద్దం కావలసినవారు వృద్ధులు. ఈ రెండూ పరస్పర విరుద్ధాలని భావించేవారు. వర్గం పేరు అద్దం ఆకారాన్ని బట్టి నిర్ణయమైందన్నమాట.

ఈ విభజనలో ఇమడని వారు ఉన్నారు. కుంభాకార అద్దం పెడితే తప్ప చదవలేని యువకులు వారు. ఆంగ్ల వైద్యుడు జేమ్స్ వేర్ 1813లో రాయల్ సొసైటీ పత్రికలో అటువంటివారిని ప్రస్తావించాడు. (అదే వ్యాసంలో ఆయన, సుమారు 10,000 మంది కాల్బలంలో హ్రస్వదృష్టి గలవారు అరడజను మంది కూడా లేరని, ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక కళాశాలలో 127 మందిలో 32 మంది అద్దాలు వాడుతున్నారని పేర్కొన్నాడు. చదువుకూ హ్రస్వదృష్టికీ ఉన్న సంబంధంపై ఇది తొలి లెక్కల్లో ఒకటి.) యువకుడికి వృద్ధుల అద్దం అవసరం కావడాన్ని ‘అతి చత్వారం’ అనే అర్థంలో ‘హైపర్‌ప్రెస్బయోపియా’ అన్నారు. వర్గీకరణలో ఖాళీ ఉన్నప్పుడు ఉన్న పేరుకే ఉపసర్గ చేర్చి సర్దుకోవడం శాస్త్రచరిత్రలో తరచు కనిపిస్తుంది.

పేరు పెట్టడంలోని ఈ పొరపాటు నిత్యజీవితంలో కఠినమైన ఫలితాలనిచ్చింది. కొంతసేపు చదివితేనో కుట్టుపని చేస్తేనో అక్షరాలు, కుట్లు చెదిరిపోవడం, కళ్ళు, నుదురు నొప్పి పెట్టడం, కాసేపు విశ్రాంతి తీసుకుంటే తగ్గి మళ్ళీ మొదలుకావడం అనే బాధను గ్లాస్గో వైద్యుడు విలియం మెకెంజీ 1840ల్లో ‘అస్థెనోపియా’ పేరుతో వివరంగా వర్ణించాడు. కంటి బలహీనతగా, నరాల లోపంగా దీన్ని భావించారు. వయస్సులో ఉన్నవారికి కుంభాకార అద్దం ఇస్తే కన్ను మరింత బలహీనపడి చూపే పోతుందని చాలామంది వైద్యులు భయపడ్డారు. దర్జీపని, కుట్టుపని వంటి వృత్తులు మాని ఆరుబయటి పనులకు మారమని సలహా ఇచ్చేవారు. ఒక జత అద్దాలతో తీరే ఇబ్బందికి ఒక కుటుంబం బతుకుతెరువు మారిపోయేది.

3. కదిలే కటకం:

వర్గీకరణ మారడానికి ముందు సర్దుబాటు అంటే ఏమిటో తేలవలసి ఉంది. 1800లో థామస్ యంగ్ రాయల్ సొసైటీలో చదివిన పత్రం ఈ దిశలో ముఖ్యమైనది. దూరం నుంచి దగ్గరకు చూపు మార్చినప్పుడు కార్నియా వంపు మారుతుందా, కనుగుడ్డు పొడవు పెరుగుతుందా, కటకం మారుతుందా అన్నది ప్రశ్న. యంగ్ తన కంటిని నీటిలో ముంచి కార్నియా ప్రభావాన్ని తొలగించాడు. సర్దుబాటు మిగిలింది. కనుగుడ్డు పొడవు మారకుండా పరికరాలతో అదిమి చూశాడు. అప్పుడూ సర్దుబాటు మిగిలింది. కాబట్టి మార్పు కటకానిదే కావాలి. ఈ ప్రయోగాల మధ్యనే తన కన్ను నిలువు, అడ్డు దిశల్లో ఒకే విధంగా కిరణాలను వంచడం లేదని కూడా ఆయన కొలిచి చెప్పాడు. 1825లో ఖగోళశాస్త్రజ్ఞుడు జార్జ్ ఎయిరీ తన ఎడమకంటి ఇదే దోషాన్ని వివరించి, దానికి స్తూపాకార తలమున్న కటకాన్ని చేయించుకున్నాడు. ‘ఆస్టిగ్మాటిజం’ అని పేరు పెట్టినవాడు విలియం హ్యూవెల్. ఈ దోషాన్ని తొలుత పట్టుకున్న ఇద్దరూ తమ కళ్ళనే ప్రయోగశాలలుగా చేసుకున్నారు. సామాన్య రోగుల్లో ఇది ఎంత విస్తృతమో ఆనాడు ఎవరూ ఊహించలేదు.

దగ్గరకు చూసినప్పుడు కటకం ముందుతలం మరింత ఉబ్బుతుందని 1850ల ఆరంభంలో డచ్చి పరిశోధకుడు క్రామర్, స్వతంత్రంగా జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ కంటిలోని ప్రతిఫలిత బింబాలను కొలిచి నిరూపించారు. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ రూపొందించిన ఆఫ్తాల్మోస్కోపు బతికివున్న కంటి రెటీనాను చూపించింది. ఏ రోగమూ లేని రెటీనా, అయినా మసకచూపు. అటువంటి కళ్ళను ఏ వర్గంలో చేర్చాలనే ప్రశ్న అప్పుడు తప్పించుకోలేనిదైంది.

4. ఉట్రెక్ట్, 1864:

ఫ్రాన్సిస్కస్ కార్నెలిస్ డాండర్స్ (1818–1889) హాలండులోని ఉట్రెక్ట్‌లో శరీరధర్మశాస్త్రం నుంచి నేత్రవైద్యానికి వచ్చినవాడు. 1858లో అక్కడ పేద నేత్రరోగుల కోసం స్థాపితమైన ఆసుపత్రి ఆయన పరిశీలనలకు ఆధారమైంది. 1864లో లండనులోని న్యూ సిడెన్‌హామ్ సొసైటీ, విలియం డేనియల్ మూర్ ఆంగ్లానువాదంగా ఆయన గ్రంథాన్ని ప్రచురించింది. కంటి సర్దుబాటు, వక్రీభవన వైపరీత్యాలు అన్నది దాని విషయం, దాని పేరు కూడా అదే. ఈ రెండు మాటల మధ్యనున్న ‘మరియు’ అసలు సిద్ధాంతమని చెప్పవచ్చు.

విశ్రాంతిలో ఉన్న కంటికి సమాంతర కిరణాలు ఎక్కడ నాభీకృతమవుతాయి అన్నది ఒక ప్రశ్న. ఇది కంటి స్థితి. కన్ను ఆ స్థితి నుంచి ఎంత మారగలదు అన్నది మరొక ప్రశ్న. ఇది కంటి క్రియ. మొదటి ప్రశ్నకు డాండర్స్ మూడు సమాధానాలు చూపాడు. రెటీనా మీదనే పడితే ‘ఎమ్మెట్రోపియా’, ముందు పడితే హ్రస్వదృష్టి, వెనుక పడితే ‘హైపర్‌మెట్రోపియా’, అంటే దీర్ఘదృష్టి. హ్రస్వదృష్టికి విరుద్ధం దీర్ఘదృష్టే కాని చత్వారం కాదని దీనితో తేలింది. చత్వారం రెండవ ప్రశ్నకు చెందినది. అందువల్ల హ్రస్వదృష్టి ఉన్నవారికీ చత్వారం వస్తుంది. మూడు డయాప్టర్ల హ్రస్వదృష్టి గలవారు యాభై దాటినా అద్దం తీసి హాయిగా చదువుకుంటుంటే, వారికి చత్వారం రాలేదని చుట్టుపక్కలవారు మెచ్చుకోవడం మనకు తెలిసిందే. వారి సర్దుబాటు శక్తి తోటివారిలాగే తగ్గింది. విశ్రాంతస్థితిలోనే వారి కన్ను సుమారు 33 సెంటీమీటర్ల దూరానికి కుదిరి ఉండటం వల్ల ఆ లోటు తెలియదు, అంతే.

దీర్ఘదృష్టి సంగతి ఇంకా సూక్ష్మమైనది. రెండు డయాప్టర్ల దీర్ఘదృష్టి ఉన్న ఇరవై ఏళ్ళ వ్యక్తిని ఊహించవచ్చు. ఆకాశంలోని నక్షత్రాన్ని చూడటానికే అతని కటకం రెండు డయాప్టర్ల మేర ఉబ్బాలి. 33 సెంటీమీటర్ల దూరంలోని పుస్తకానికి మరో మూడు, మొత్తం అయిదు. ఆ వయస్సులో సర్దుబాటు శక్తి సుమారు పది డయాప్టర్లు కాబట్టి పని జరుగుతుంది, కాని శక్తిలో సగం నిరంతరం ఖర్చవుతుంది. పరీక్షలో అతనికి దూరం బాగానే కనిపిస్తుంది, దగ్గరా కనిపిస్తుంది. గంటసేపు చదివాక తలనొప్పి. అస్థెనోపియాకు ప్రధాన కారణం ఇదేనని డాండర్స్ ప్రతిపాదించాడు. అట్రోపిన్ చుక్కలతో సీలియరీ కండరాన్ని తాత్కాలికంగా స్తంభింపజేస్తే, అంతవరకు క్రియ వెనుక దాగిన స్థితి బయటపడుతుంది. వ్యక్త, గుప్త దీర్ఘదృష్టి అనే ఉపవిభాగాలు ఈ పరీక్ష నుంచి వచ్చినవే. భయపడి నిరాకరించిన కుంభాకార అద్దమే ఈ యువకులకు అసలు చికిత్స అయింది. ‘బలహీనమైన కన్ను’ అనే పాత వర్గం నుంచి వేలాదిమంది ఒక్కసారిగా ఆరోగ్యవంతుల్లోకి మారారు. కన్నులు మారలేదు, గీత గీసిన చోటు మారింది.

చత్వారం విషయంలో డాండర్స్ వైఖరి ఆసక్తికరం. సర్దుబాటు శక్తి నలభై ఏళ్ళకు హఠాత్తుగా పడిపోదు, బాల్యం నుంచే తగ్గుతూ వస్తుందని ఆయన గ్రాఫులు చూపాయి. తర్వాతికాలపు డయాప్టర్లలోకి మారిస్తే పదేళ్ళకు సుమారు 14, నలభైకి 4.5, అరవైకి 1. నిరంతరం దిగే ఈ వాలులో దోషం ఎక్కడ మొదలవుతుంది? దగ్గరి బిందువు 8 పారిస్ అంగుళాలు దాటినప్పుడు అని ఆయన నిర్ణయించాడు. ఆ గీత ప్రకృతిలో లేదని, సౌకర్యం కోసం గీసినదని ఆయనకు తెలుసు. అందరికీ వచ్చేదాన్ని వైపరీత్యం అనవచ్చా అనే సందేహమూ ఆయన చర్చలో ఉంది. మామూలు అచ్చు చదవగలిగే దూరం మీద ఆధారపడిన ఈ హద్దు నిజానికి పుస్తకసంస్కృతి గీసిన హద్దు.

5. కొలత, బడి, రోగం:

1862లో డాండర్స్ సహచరుడు స్నెల్లెన్ ప్రచురించిన అక్షరఫలకం, 1872లో ఫ్రెంచి వైద్యుడు మొనోయే ప్రతిపాదించిన డయాప్టర్ ఈ వర్గాలకు అంకెలను ఇచ్చాయి. అంతకుముందు అద్దాలను నాభ్యంతరం అంగుళాల్లో లెక్కించేవారు, దేశదేశానికి అంగుళం వేరు. 1860ల్లో హెర్మాన్ కోన్ బ్రెస్లా నగరంలో, ఆ పరిసరాల్లో 10,060 మంది బడిపిల్లలను పరీక్షించి, తరగతి పెరిగేకొద్దీ హ్రస్వదృష్టి పెరుగుతోందని 1867లో ప్రకటించాడు. దీర్ఘదృష్టిని వేరుచేసిన వర్గీకరణ లేకపోతే ఆ లెక్కకు అర్థం ఉండేది కాదు.

హ్రస్వదృష్టిలో కనుగుడ్డు పొడవు పెరుగుతుందని ఆర్ల్ట్ 1850ల్లోనే శరీరనిర్మాణ పరీక్షల ద్వారా చూపాడు. హ్రస్వదృష్టి గల కన్నును పూర్తి ఆరోగ్యవంతమైన కన్నుగా డాండర్స్ కూడా అంగీకరించలేదు. దీనికి ఎదురువాదం 20వ శతాబ్దిలో బలపడింది. కార్నియా వంపు, కటకం శక్తి, కనుగుడ్డు పొడవు మనుషుల ఎత్తులాగే సహజంగా వైవిధ్యం చూపుతాయని స్టైగర్ 1913లో వాదించాడు. 1957లో సోర్స్‌బీ బృందం దీన్ని మెరుగుపరచింది. సుమారు నాలుగు డయాప్టర్ల వరకు ఉండే దోషాల్లో ఒక్కొక్క భాగం విడిగా చూస్తే మామూలు పరిధిలోనే ఉంటుంది, వాటి కలయికే కుదరదు. అంతకుమించిన దోషాల్లో మాత్రం ఒక భాగం, సాధారణంగా కనుగుడ్డు పొడవు, నిజంగా హద్దు మీరి ఉంటుంది. ఒకే పేరు కింద ఒకచోట సహజ వైవిధ్యం, మరొకచోట రోగం ఉన్నాయన్నమాట. 2019లో అంతర్జాతీయ మయోపియా సంస్థ తరఫున నిపుణులు మైనస్ 0.50 డయాప్టర్‌ను హ్రస్వదృష్టికి, మైనస్ 6.00ను తీవ్ర హ్రస్వదృష్టికి హద్దులుగా సూచించి, దోషం ఇంకా రాని పిల్లల కోసం ‘పూర్వ హ్రస్వదృష్టి’ అనే కొత్త వర్గాన్నీ చేర్చారు.

6. సంకేతాల పట్టిక:

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదవ కూర్పులో హెచ్52 అనే సంకేతం కింద వక్రీభవన, సర్దుబాటు దోషాలు కలిసి ఉంటాయి. దీర్ఘదృష్టి, హ్రస్వదృష్టి, ఆస్టిగ్మాటిజం, రెండు కళ్ళ శక్తుల వ్యత్యాసం, చత్వారం, సర్దుబాటు దోషాలు అన్నది వరుస. శీర్షికలో డాండర్స్ జంట అలాగే నిలిచింది, లోపల మాత్రం చత్వారం సర్దుబాటు దోషాల్లో భాగం కాదు, విడి అంశం. సర్దుబాటు దోషాల కింద కండర స్తంభన, అతిసంకోచం వంటివి చేరాయి. కనుగుడ్డును దెబ్బతీసే క్షీణ హ్రస్వదృష్టి వేరే సంకేతంతో కనుగుడ్డు రోగాల్లోకి వెళ్ళింది. డాండర్స్ ఎంతో శ్రమించి దీర్ఘదృష్టితో ముడిపెట్టిన అస్థెనోపియా మళ్ళీ విడిపోయి హెచ్53 కింద రోగి చెప్పుకునే చూపు ఇబ్బందుల జాబితాలో చేరింది. 2019లో ఆమోదం పొంది 2022లో అమలులోకి వచ్చిన పదకొండవ కూర్పులో వక్రీభవన దోషాలకు, సర్దుబాటు దోషాలకు వేరువేరు సంకేతాలు ఏర్పడ్డాయి. ఇంతకాలానికి విభజన పూర్తయిందనుకునేలోగా చత్వారాన్ని వక్రీభవన దోషాల్లోనే ఉంచారు. అద్దంతో సరిచేసేవన్నీ ఒకచోట ఉండాలన్న పరిపాలనా సౌకర్యం దీనికి కారణం కావచ్చు. అద్దాన్ని బట్టి వర్గాన్ని నిర్ణయించిన పాత పద్ధతి ఇక్కడ తొంగిచూస్తుంది.

7. లెక్కకు రాని అంధత్వం:

వర్గీకరణ మూలంగా అసలు నష్టం జరిగింది పక్క సంకేతంలో. 1972లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయన బృందం అంధత్వానికి ఇచ్చిన నిర్వచనం, సాధ్యమైనంత మంచి అద్దం పెట్టిన తర్వాత ఉండే చూపును ప్రమాణంగా తీసుకుంది. పదవ కూర్పులోని హెచ్54 కూడా దాన్నే అనుసరించింది. వైద్యుడి గదిలో అద్దం పెడితే కనిపించేవాడు అంధుడు కాడు. ఇంటి దగ్గర అతనికి అద్దం లేకపోవడం, కొనే స్తోమత లేకపోవడం నిర్వచనంలో లేవు. వక్రీభవన దోషం ఒక సంకేతంగా ఉంది కాని, అంధత్వానికి కారణంగా లేదు.

ఈ లోటును బయటపెట్టిన అధ్యయనాల్లో తెలుగునేలపై జరిగినది ఒకటి ప్రముఖమైనది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ 1996–2000 మధ్య హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,293 మందిని పరీక్షించింది. మనిషి పరీక్షకు వచ్చినప్పుడు ఎలా చూస్తున్నాడో, అద్దం ఉంటే అద్దంతో, లేకపోతే లేకుండా, ఆ చూపునే ఈ అధ్యయనం ప్రమాణంగా తీసుకుంది. 6/60 కంటే తక్కువ చూపును, లేదా బాగా కుంచించుకుపోయిన దృష్టిక్షేత్రాన్ని అంధత్వంగా లెక్కించినప్పుడు జనాభాలో 1.84 శాతం అంధులుగా తేలారు. అందులో 44 శాతం శుక్లాల వల్ల, 16.3 శాతం వక్రీభవన దోషం వల్ల. అంటే ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి ఆరుగురు అంధుల్లో సుమారు ఒకరికి కావలసింది కళ్ళజోడు. అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం వారు లేనివారు.

2003లో జెనీవాలో జరిగిన నిపుణుల సంప్రదింపు, పరీక్షకు వచ్చినప్పటి చూపును ప్రమాణం చేయాలని సూచించింది. ఆంధ్రప్రదేశ్ అధ్యయనాన్ని నడిపిన లలిత్ దండోనా, రఖీ దండోనా 2006లో ప్రచురించిన వ్యాసంలో హెచ్54 సవరణ కోసం వాదించారు. ఆ తర్వాత పదవ కూర్పు సవరణలలో నిర్వచనం మారింది. తేడా ఎంతటిదో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలే చెబుతాయి. మంచి అద్దం ప్రమాణంగా 2002లో దృష్టిలోపం గలవారు 16.1 కోట్లు. దిద్దని వక్రీభవన దోషం వల్ల చూపు తగ్గినవారు 2004 లెక్కల ప్రకారం మరో 15.3 కోట్లు, వారిలో కనీసం 80 లక్షల మంది అంధులు. సంఖ్య దాదాపు రెట్టింపైంది.

ఆ లెక్కలోనూ చత్వారం లేదు. అంధత్వ నిర్వచనాలన్నీ దూరపు చూపు మీద ఆధారపడినవే. 2005 నాటికి ప్రపంచంలో 104 కోట్ల మందికి చత్వారం ఉందని, వారిలో 51.7 కోట్ల మందికి అద్దాలు లేవని లేదా సరిపోయేవి లేవని బ్రయన్ హోల్డెన్ బృందం 2008లో అంచనా వేసింది. బియ్యంలో రాళ్ళు ఏరేవారు, మగ్గం మీద తెగిన పోగు ముడివేసేవారు, సూదిలో దారం ఎక్కించేవారు ఈ అంకెలో ఉన్నారు. పదకొండవ కూర్పు తొలిసారిగా దగ్గరి చూపు లోపాన్ని దృష్టిలోపాల పట్టికలో చేర్చింది. వ్యక్తి వద్ద ఇప్పటికే ఉన్న అద్దంతో 40 సెంటీమీటర్ల దూరంలో ఎన్6 అక్షరం చదవలేకపోవడం దాని హద్దు. చదువురానివారికి ఆ హద్దును అక్షరాల ఫలకంతో కొలవలేరు కాబట్టి, క్షేత్రసర్వేలలో దిశలు చూపే ‘ఈ’ గుర్తుల ఫలకాన్ని వాడుతున్నారు.